లాబ్రడారా, గోల్డెనా... మీ ఫ్లాట్‌కు ఏది?

పరీక్షలైపోయాయి. ‘కుక్కపిల్లను తెచ్చుకుందాం’ అని మీ పిల్లలూ పోరు పెడుతున్నారా? అమీర్‌పేట, పంజాగుట్ట ఫ్లాట్లలో రిట్రీవర్ కావాలనుకునేవారి చర్చ చివరికి రెండు పేర్ల దగ్గరే ఆగుతుంది. ఒకటి లాబ్రడార్, రెండోది గోల్డెన్ రిట్రీవర్. మిగతా రిట్రీవర్లు మన దగ్గర అరుదు, వాటిని వదిలేద్దాం.

వేటగాడు కొట్టిన పక్షి నీళ్లలో పడినా సరే, నలగకుండా నోట కరచుకుని తెచ్చివ్వడానికి పెంచిన జాతులివి. అందుకే చెప్పిన మాట వింటాయి, పిల్లలతో ఇట్టే కలిసిపోతాయి. పెద్దయ్యాక బరువు 25 నుంచి 36 కిలోలు ఉంటుంది. ఆయుష్షు సుమారు 10-12 ఏళ్లు. అంటే ఇప్పుడు ఆరో తరగతి చదివే మీ అబ్బాయి ఇంజినీరింగ్ పూర్తి చేసేదాకా! వాడు హాస్టల్‌కు వెళ్లాక కుక్కను ఎవరు తిప్పుతారో ఇప్పుడే తేల్చుకోండి.

ఒకదానికి ఆకలి, ఇంకోదానికి జుట్టు

లాబ్రడార్‌తో వచ్చే చిక్కు తిండే. పరిశీలించిన లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించిందని, వాటికి ఆకలి ఎక్కువని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో గుర్తించారు. నానమ్మ పెట్టే పెరుగన్నం ముద్ద, తాతయ్య ఇచ్చే బిస్కెట్, పిల్లలు వదిలేసిన ఇడ్లీ... అన్నీ కలిస్తే రెండేళ్లకే కుక్క పీపాలా తయారవుతుంది. కీళ్లు దెబ్బతింటాయి. పక్కన చెయ్యి వేసి నిమిరితే పక్కటెముకలు తెలియాలి. తెలియకపోతే తిండి తగ్గించాల్సిందే. పాయసంలోని కిస్‌మిస్, బిర్యానీలోని ఉల్లి, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం. ఉడికిన ఎముకలూ పెట్టకండి.

గోల్డెన్ కొంచెం సౌమ్యంగా ఉంటుంది కానీ, దాని పొడవాటి జుట్టును రోజూ దువ్వాలి. లేకుంటే ఉండలు కట్టి చర్మవ్యాధులు వస్తాయి, పేలు చేరినా కనిపించవు. వేసవి కదా అని గుండు గీయించేవారున్నారు. ఆ జుట్టే ఎండ నుంచి చర్మాన్ని కాస్తుంది, గీయించొద్దు. ఈ జాతిలో క్యాన్సర్లు ఎక్కువ. అందుకే అమెరికాలో 2012 నుంచి 3,000కు పైగా గోల్డెన్‌లను జీవితాంతం పరిశీలించే అధ్యయనం సాగుతోంది. ఒంటి మీద గడ్డ తగిలితే ఆలస్యం చేయకండి.

మన ఎండల్లో ఎక్కువమందికి లాబ్రడారే నయమని నా అభిప్రాయం. తిండి విషయంలో ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉంటేనే సుమా!

ఏది తెచ్చుకున్నా రోజుకు కనీసం గంట నడక తప్పదు. మే నెలలో అది తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడ్డాకే. మెట్రో పిల్లర్ల పక్కన తారు రోడ్డు మీద అరచేయి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ తూలుతుంటే వడదెబ్బే. ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, ఫ్యాన్ గాలి తగిలిస్తూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నున్నటి టైల్స్ మీద జారడం ఎదిగే కుక్కపిల్ల తుంటికి మంచిది కాదు. రెండు జాతులకూ తుంటి కీలు సమస్య వంశపారంపర్యంగా వస్తుంది. హాల్లో చాపలు పరవండి. కొనే ముందు తల్లిని చూపించమనండి, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. ఎనిమిది వారాలైనా నిండని పిల్లను తీసుకోవద్దు. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపై జీహెచ్‌ఎంసీ లైసెన్స్ తీసుకోవాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. లిఫ్టులో గొలుసు పట్టుకోవడం, మలాన్ని ఎత్తివేయడం మాత్రం మీ వంతు.

దంపతులిద్దరూ ఆఫీసుకు వెళ్లేవారైతే, పెంచలేక ఎవరో వదిలేసిన రెండు మూడేళ్ల లాబ్రడార్ కోసం జంతు సంరక్షణ సంస్థల దగ్గర వాకబు చేయండి. చెప్పులు కొరికే వయసు దాటిపోయి ఉంటుంది, దాని స్వభావమేమిటో తెచ్చుకునే ముందే తెలిసిపోతుంది.