విహారపు పడవలు – వాని పోషణము, వాని అద్దె

మన కోరాపుట్, రాయగడ జిల్లాలు కొండసీమలు. సముద్రము మనకు దూరము. అయినను నీటికి కొదువ లేదు. కొలాబు, మాచ్‌ఖండ్, ఇంద్రావతి, నాగావళి మున్నగు నదులు ఈ కొండల నడుమనే పారుచున్నవి. వీనిలో కొన్నిటికి ఆనకట్టలు కట్టుటచే విశాలములగు జలాశయము లేర్పడినవి. జలాపుట్ ఆనకట్ట నీటితో నడచు మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955వ సంవత్సరమున ప్రారంభమైనది. అది ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సొత్తు. తరువాతి కాలమున జయపురమునకు సమీపమున ఎగువ కొలాబు జలాశయము వెలసినది. కార్తికము మొదలు సంక్రాంతి వరకు వనభోజనములకు పోవువారు ఇట్టి తావులకే పోవుదురు. పోయినవారు నీటిని చూచి ఊరకుండరు. పడవ నెక్కవలెనని కోరుదురు. ముఖ్యముగా పిల్లలు కోరుదురు. ఆ కోరిక తప్పు కాదు. అయితే పడవ యనగా నేమి, దానిని ఎట్లు కాపాడుదురు, అద్దెకు తీసికొనువారు ఏమి విచారింపవలెను అను విషయములు తెలిసికొని యెక్కుట మేలు. వానిని ఈ వ్యాసమున వివరింతుము.

మొదట ఒక మాట. మనకు పడవ వేడుక వస్తువు కావచ్చును. అందరికిని అట్లు కాదు. 1992 వరకు మన జిల్లాలోనే యుండిన మల్కనగిరి ప్రాంతమున, బలిమెల జలాశయమునకు ఆవలి గట్టున చిక్కుకొనిన 151 గ్రామముల ప్రజలకు దశాబ్దముల పాటు లాంచీయే దారి. సంతకు, ఆసుపత్రికి, కచ్చేరికి పోవలెనన్న నీరు దాటవలసినదే. 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరచిన పిదప వారి కష్టము చాలవరకు తీరినది. నిత్యము నీటిపై బ్రతుకువారు నీటికి భయపడరు, కాని దానిని గౌరవింతురు. సంవత్సరమున కొకసారి పడవ నెక్కు మనకు ఆ గౌరవము మరింత అవసరము.

జలాశయములలో మనకు కనబడు పడవలు మూడు తెగలు. తెడ్లతో నడచు కొయ్య పడవలు మొదటివి. కాలితో త్రొక్కి నడపు చిన్న ఫైబరు పడవలు రెండవవి. వీనిలో ఇద్దరు గాని నలుగురు గాని కూర్చుండవచ్చును. యంత్రముతో నడచు మోటారు పడవలును, లాంచీలును మూడవవి. గోదావరిలో పాపికొండలకు పోవు లాంచీలు ఈ మూడవ తెగకే చెందినవి. మేము గోదావరీతీరమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో అట్టి లాంచీలను ప్రతిదినము చూచుచుండెడివారము. మన కొలాబు నదియే ఆంధ్రదేశమున శబరి యనబడును. అది కూనవరము వద్ద గోదావరిలో కలిసి, ఆ పాపికొండల నడుమనే పారిపోవును. కావున అక్కడి పడవల సంగతి మనకు పరాయి సంగతి కాదు.

పడవ ఏల తేలును? తన బరువునకు సమానమగు బరువు గల నీటిని ప్రక్కకు త్రోసినప్పుడు వస్తువు తేలునని మీరు భౌతికశాస్త్రమున చదివియున్నారు. దీనిని ఒక లెక్కతో చూతము. ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, పెట్టెవలె సమతలమైన అడుగు గల పడవ యున్నదనుకొనుడు. దాని అడుగు వైశాల్యము 12 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు దిగవలెనన్న 120 లీటర్ల నీటిని, అనగా 120 కిలోల నీటిని త్రోయవలెను. ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున ఇద్దరు ఎక్కినచో పడవ ఒక సెంటీమీటరు దిగునన్నమాట. పదిమందికి అయిదు సెంటీమీటర్లు. నలువదిమందికి ఇరువది సెంటీమీటర్లు. ప్రయాణికులు లేనప్పుడు పడవ అంచు నీటికి ముప్పది సెంటీమీటర్ల ఎత్తున నుండెనేని, నలువదిమంది యెక్కిన పిదప మిగులునది పది సెంటీమీటర్లే. గాలికి లేచిన చిన్న అల దానిని దాటివచ్చుటకు చాలును. అందరును ఒక్క ప్రక్కకు ఒరిగి ఫొటో తీసికొనిరా, అల కూడ అక్కరలేదు.

ఈ లెక్కలోనే పడవ పోషణము ఏల ముఖ్యమో తెలియుచున్నది. పై చెప్పిన పడవ అడుగున సందుల గుండ నీరు కారి, అయిదు సెంటీమీటర్ల మేర నిలిచినదనుకొనుడు. ఆ నీటి బరువు 600 కిలోలు. అనగా టికెట్టు కొనని పదిమంది అప్పటికే పడవలో కూర్చుండియున్నారు! పైగా మనుష్యులవలె వారు ఒకచోట కుదురుగ నుండరు. పడవ ఏ వైపునకు ఒరిగిన ఆ వైపునకే పరుగెత్తి దానిని మరింత ఒరగజేయుదురు. కావున పడవలో నీరు నిలువనీయకుండుట పోషణమున మొదటి సూత్రము.

కొయ్య పడవను సంవత్సరమునకు ఒక్కసారియైనను గట్టున కెక్కించి ఆరబెట్టవలెను. అడుగు గీకి, నాచు తీసివేసి, పుచ్చిన బల్లలను మార్చవలెను. బల్లల సందులలో ప్రత్తినూలు గాని కొబ్బరిపీచు గాని గట్టిగా కుక్కి, నూనెతో కాచిన గుగ్గిలమును గాని తారును గాని పూయుదురు. గుగ్గిలము మన అడవులలోని సాలవృక్షముల నుండియే లభించును. ఒడియావారు దానిని ఝుణా యందురు. ఫైబరు పడవకు పుచ్చు పట్టదు. కాని ఎండకు పై పూత పెళుసై బీటలు వారును. రాతికి గాని మునిగిన చెట్టుమోటికి గాని తగిలి పగులును. వెండ్రుకవంటి పగులును లక్ష్యపెట్టకున్నచో దాని గుండ నీరు లోపలికి చేరి, పడవను నానాటికి బరువెక్కించును. వేసవిలో జలాశయపు నీరు తగ్గినపుడు ఆనకట్టకు పూర్వము అచ్చట నుండిన చెట్ల మోళ్లు పైకి దగ్గరగును. అట్టి తావులలో గుర్తులు నాటుట కూడ పోషణములోని భాగమే.

మోటారు పడవకు పని హెచ్చు. పంకకు చుట్టుకొనిన తీగలను, వలత్రాళ్లను తీయుట, యంత్రమును చల్లబరచు నీటిదారి మూసుకొనకుండ చూచుట, ఇంధనమును వడకట్టుట, చుక్కాని బిగువును పరీక్షించుట – ఇవి నిత్యకృత్యములు. నడినీట యంత్రము ఆగినచో ఉపయోగించుటకు తెడ్లు, త్రాడు, లంగరు పడవలోనే యుండవలెను. నీరు తోడుటకు పాత్రయు, నిప్పు నార్పు సాధనమును ఉండవలెను.

వీనన్నిటికంటె ముఖ్యమైనది లైఫ్ జాకెట్టు. దానిలోని తేలిక పదార్థము మనిషిని నీటిపై నిలుపును. తడిసిన జాకెట్లను కుప్పగా పడవేసినచో బూజు పట్టి పట్టీలు చివుకును. పట్టీ తెగిన జాకెట్టు నీటిలో పడగనే మెడమీదుగా జారిపోవును. వానిని నీడన ఆరబెట్టి, కొక్కెములను పరీక్షించి, చిరిగినవానిని తీసివేయవలెను. పెద్దల జాకెట్టు పిల్లలకు పనికిరాదని గుర్తుంచుకొనవలెను.

ఈ జాగ్రత్తలు లోపించినచో నేమగునో మూడు దుర్ఘటనలు చెప్పుచున్నవి. 2014 ఫిబ్రవరి 9వ తేదీన మన రాష్ట్రములోని హీరాకుడ్ జలాశయమున వనభోజనమునకు పోయి వచ్చుచున్న పడవ మునిగినది. దానిలో నూరుమందికి పైగా ఎక్కియుండిరి. సుమారు 30 మంది మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు పోవుచున్న రాయల్ వశిష్ఠ యను పడవ దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద మునిగినది. ఆనాడు గోదావరి వరదలో నుండెను. పడవలోని 70 మందికి పైగా జనములో 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. లోతునుండి పడవను వెలికితీయుటకు అక్టోబరు 22వ తేదీ వరకు పట్టినది. 2024 జనవరి 18వ తేదీన గుజరాతులోని వడోదరలో హర్ణీ చెరువున పాఠశాల విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులును, 2 ఉపాధ్యాయినులును మునిగి మరణించిరి. పడవలో పరిమితిని మించి జనముండిరి. అందరికిని లైఫ్ జాకెట్లు లేకుండెను. ఈ మూడింటిలో ఏదియు తుపాను వలన కలిగినది కాదు. ఎక్కకూడని పడవ నెక్కుట, ఎక్కకూడని నాడు ఎక్కుట, ఎక్కవలసిన వారికంటె ఎక్కువమంది ఎక్కుట – ఇవియే కారణములు.

ప్రభుత్వము ఊరకున్నదని చెప్పరాదు. 1917వ సంవత్సరపు పాత చట్టమునకు బదులుగా పార్లమెంటు 2021వ సంవత్సరమున అంతర్దేశీయ నౌకల చట్టమును చేసినది. దాని ప్రకారము యంత్రముతో నడచు పడవకు రిజిస్ట్రేషను, అధికారులు పరీక్షించి యిచ్చిన యోగ్యతాపత్రము, భీమా ఉండవలెను. నడపు సరంగునకు అర్హతాపత్రము ఉండవలెను. కచ్చులూరు దుర్ఘటన పిదప ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పడవల రాకపోకలను కనిపెట్టుటకు గండిపోచమ్మ, పేరంటాలపల్లి మొదలగు రేవులలో కంట్రోలు రూములను ఏర్పరచ పూనుకొన్నది. అయితే చట్టము రేవులో నిలుచుండి మన చేయి పట్టుకొనదు. అడుగవలసినవారము మనమే.

ఏమి అడుగవలెను? పడవమీద దాని సంఖ్యయు, ఎందరు కూర్చుండవచ్చునో ఆ సంఖ్యయు వ్రాసియున్నవా? యోగ్యతాపత్రము గడువు తీరలేదు గదా? ఎక్కువారి తలలెన్నో అన్ని జాకెట్లున్నవా? పడవ అడుగున నీరు నిలిచియున్నదా? సరంగు మద్యము త్రాగలేదు గదా? చీకటి పడకముందే తిరిగి రాగలమా? ఎగువ కొండలలో వాన పడుచున్నదా? ఈ చివరి ప్రశ్న రాయగడవారికి మరీ ముఖ్యము. నాగావళియు, దాని ఉపనదులును గంటలలో పొంగును. 2017 జూలైలో వచ్చిన ఆకస్మిక వరదకు తేరుబాలి ప్రాంతమున రైలు వంతెనయే కొట్టుకొనిపోయినది. వానకాలమున అట్టి నదిలో విహారము తగదు.

ఇక అద్దె మాట. పడవను గంటల లెక్కన మొత్తముగా అద్దెకు తీసికొనవచ్చును. లేదా తలకింత యని టికెట్టు కొనవచ్చును. ఏ విధముగానైనను రశీదు పుచ్చుకొనవలెను. విహారపు పడవకు రాబడి యుండునది సంవత్సరమున కొన్ని నెలలే; ఖర్చు పన్నెండు నెలలును ఉండును. మనము పంతము పట్టి అద్దె తగ్గించినచో యజమాని తన కూలి తగ్గించుకొనడు. పోషణము ఖర్చు తగ్గించును. లేదా ఇరువదిమందికి బదులు నలువదిమందిని ఎక్కించును. పాఠశాల యాత్రలలో ఈ శోధన మరీ బలమైనది. పిల్లలు నలుబదిమంది, పడవ ఇరువదిమందిది. రెండు దఫాలుగా పోయినచో అద్దె రెట్టింపగును. ఒక్క దఫాలో పోయినచో సొమ్ము మిగులును. ఆ మిగిలిన సొమ్ముతో కొనగలిగినది ఏమున్నది? సొమ్ము చాలనినాడు పిల్లలను గట్టుమీదనే ఆడించి తీసికొనివచ్చుట ఉత్తమము. ఇట్లు చేసిన ఉపాధ్యాయుని తల్లిదండ్రులు నిందింపరాదు.

మనవారికి మరొక చిక్కు గలదు. మన పిల్లలు తెలుగున చదువుకొనుచున్నారు. రేవులలోని హెచ్చరికలు ఒడియా లిపిలో నుండును. సరంగు ఒడియాలోనో, దేశియాలోనో కేక వేయును. ఆపద వేళ ఆ కేక అర్థముకానిచో పిల్లవాడు కూర్చుండవలసినప్పుడు లేచి నిలుచుండును. కావున ఇంటివద్దనే కొన్ని మాటలు నేర్పుడు. పడవను డంగా యందురు. నీరు పాణి. బస అనిన కూర్చుండుము. ఠియా హుఅ నాహిఁ అనిన నిలుచుండవలదు. ఒడియా అంకెలను చదువుటయు నేర్పుడు. పడవమీద వ్రాసిన జనసంఖ్యను అప్పుడు బిడ్డయే చదువగలడు. మాతృభాషను విడువకయే ఇరుగుపొరుగు భాషను నేర్చుట మనకు గౌరవము. నీటిమీద అది ప్రాణరక్షణ కూడ.

విద్యార్థులారా! పడవనెక్కుటకు భయపడవలదు. జాకెట్టు తొడుగుకొని, పట్టీలు బిగించుకొని, చెప్పిన చోట కూర్చుండి, కొండల నీడలు నీటిలో కదలుట చూచి ఆనందింపుడు. మీలో యంత్రములయందు ఆసక్తి గలవారు పడవలను బాగుచేయు పనిని కూడ నేర్వవచ్చును. జలాశయములున్నంత కాలము ఆ పనికి గిరాకి యుండును. అయితే పడవలో జనము మించినదని తోచినప్పుడు, ఎవరు నవ్వినను సరే, దిగి గట్టున నిలుచుండుడు. పడవ మరల వచ్చును.