వాగులో రాతి బాణపు ములికి దొరికిందా? జేబులో వేసుకునే ముందు ఇవి తెలుసుకోండి!

అమెరికాలో భారీ వాన పడి, వరద తగ్గిందంటే చాలు.. కొందరు బూట్లు వేసుకుని వాగుల వెంట నడక మొదలుపెడతారు. వాళ్లు వెతికేది వేల ఏళ్ల నాటి రాతి బాణపు ములుకుల కోసం. టెక్సస్, మిస్సోరీ, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న హాబీ. అక్కడ ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా వాగు ఒడ్డున ఆడుకుంటుంటే ఇలాంటి రాయి కంటపడొచ్చు. మరి దాన్ని తీసుకోవచ్చా?

వాగుల్లోనే ఎందుకు?

ఆదివాసీ తెగలు వేల ఏళ్ల పాటు నీళ్లున్న చోటే మకాం వేశాయి. జంతువులూ అక్కడికే వచ్చేవి కాబట్టి వేటా అక్కడే. ఇప్పుడు వరద వచ్చినప్పుడల్లా గట్లు కోసుకుపోయి, మట్టిలో కూరుకుపోయిన పనిముట్లు వాగులోకి జారిపోతాయి. ప్రవాహం నెమ్మదించే వంపుల దగ్గర, గులకరాళ్లు మేట వేసిన చోట ఆగుతాయి.

ఎలా గుర్తుపట్టాలి?

ఇవి ఎక్కువగా చెకుముకి రాయితో చేసినవే. రెండు వైపులా పెచ్చులు లేపిన గుంటలు వరుసగా కనిపిస్తాయి. అంచులు సన్నగా ఉంటాయి. కర్రకు కట్టడానికి వీలుగా చాలావాటికి అడుగున గాట్లు పెట్టి ఉంటాయి. దొర్లి దొర్లి విరిగిన మామూలు రాయికి ఈ వరస రాదు.

ఇంకో సంగతి. బాణపు ములుకులు అని పిలిచేవాటిలో చాలా వరకు అసలు బాణాలవే కావు! ఉత్తర అమెరికాలో చాలా చోట్ల విల్లు వాడకం మొదలై సుమారు 1,500 ఏళ్లే. అంతకు ముందువి ఈటె మొనలు, కత్తులు. క్లోవిస్ రకం మొనలకైతే దాదాపు 13 వేల ఏళ్ల వయసు.

పక్కటెముకల మధ్య మొన

రాయి కన్నా అది దొరికిన చోటే ముఖ్యం అంటారు పురావస్తు నిపుణులు. ఎందుకో ఫాల్సమ్ కథ చెబుతుంది. 1908 ఆగస్టులో న్యూ మెక్సికోలోని ఫాల్సమ్ ఊరిని వరద ముంచెత్తింది. ఆ తర్వాత జార్జ్ మెక్‌జంకిన్ అనే నల్లజాతి కౌబాయ్‌కి, కోసుకుపోయిన వాగు గట్టులో పెద్ద పెద్ద ఎముకలు కనిపించాయి. బానిసగా పుట్టి, సొంతంగా చదువు నేర్చుకున్న మనిషి ఆయన. ఇవి మామూలు పశువుల ఎముకలు కావని పసిగట్టి పలువురికి చెప్పారు. కానీ 1922లో ఆయన చనిపోయేదాకా అక్కడ తవ్వకాలు జరగలేదు.

1926లో డెన్వర్ మ్యూజియం బృందం తవ్వకం మొదలుపెట్టింది. రాతి మొనలు దొరికాయి. కానీ ఎముకల నుంచి విడిపోయి ఉండటంతో నిపుణులు నమ్మలేదు. పైనుంచి జారి పడి ఉండొచ్చు కదా అన్నారు. 1927లో మాత్రం ఒక మొన బైసన్ పక్కటెముకల మధ్యే కనిపించింది. బృందం దాన్ని కదపకుండా అలాగే ఉంచి, నిపుణులకు టెలిగ్రామ్‌లు పంపింది. వాళ్లు వచ్చి కళ్లారా చూశారు. ఎప్పుడో అంతరించిపోయిన ఆ బైసన్‌ను మనుషులే వేటాడారని తేలిపోయింది. అమెరికాలో మనిషి చరిత్ర ఒక్కసారిగా వేల ఏళ్లు వెనక్కి జరిగింది. ఆ మొనను ఎవరైనా ముందే తీసుకెళ్లి ఉంటే? అందమైన రాయిగా మిగిలేది, అంతే.

చట్టం ఏమంటోంది?

నేషనల్ పార్కుల్లో రాతి పనిముట్లు తీయడం నిషేధం. ఫెడరల్ భూములు, ఆదివాసీ రిజర్వేషన్లలో అనుమతి లేకుండా పురావస్తువుల కోసం తవ్వితే 1979 నాటి చట్టం కింద మొదటి నేరానికే 10 వేల డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు పడొచ్చు. నష్టం విలువను బట్టి శిక్ష ఇంకా పెరుగుతుంది. ప్రైవేటు భూమిలో పైపైన కనిపించేవాటిని యజమాని అనుమతితో తీసుకోవడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే వాగు ప్రైవేటు పొలం మధ్య నుంచి పారుతున్నా, దాని అడుగు భాగం ప్రభుత్వానిది కావొచ్చు. టెక్సస్‌లో పెద్ద వాగులు, నదుల విషయంలో ఇదే రూల్. సమాధులున్న చోట మాత్రం దేన్నీ తాకకూడదు.

దొరికితే ఏం చేయాలి?

* ముందు కదపకుండా, పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి.
* ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి.
* గట్టును తవ్వొద్దు.
* రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి చెప్పండి. ఇవి ప్రతి రాష్ట్రంలోనూ ఉంటాయి.

మన దగ్గరా ఉన్నాయి

నంద్యాల జిల్లా జ్వాలాపురంలోని ఒక రాతి గుహ దగ్గర సుమారు 35 వేల ఏళ్ల నాటి చిన్న రాతి పనిముట్లు బయటపడ్డాయి. తవ్వకంలో ఏ పొరలో ఏది దొరికిందో రాసిపెట్టబట్టే ఆ వయసు తెలిసింది. మన ఊరి వాగులో అలాంటి రాయి కనిపించినా ఫొటో, లొకేషన్‌తో పురావస్తు శాఖకు గానీ, తహసీల్దార్‌కు గానీ చెప్పొచ్చు. వాగులోకి కొట్టుకొచ్చిన రాయి అసలు చోటు వదిలేసినా, ఎగువన ఎక్కడో పాత మకాం ఉందనడానికి అదే మొదటి ఆనవాలు కావొచ్చు.