రెండు తెరల నడుమ సందు

యాత్రకు ఫిల్ము కెమెరా కొనబోయేవారు సాధారణంగా ముందు లెన్సును, తరువాత పేరును, చివరికి ధరను చూస్తారు. కాని ఆరుబయట, అందులోనూ కృష్ణా డెల్టా ఎండలో, ఆ కెమెరా అక్కరకు వస్తుందో రాదో తేల్చేది ఈ మూడూ కావు, వెనక మూత తెరిస్తే తప్ప కంటబడని షట్టరు. విజయవాడ గవర్నర్‌పేట నుంచి బయలుదేరినవారు కొద్దిసేపటికే ప్రకాశం బ్యారేజి మీద ఉంటారు, అక్కడ మధ్యాహ్నపు ఎండ పైనుంచి కాయడమే కాక నీటి మీద పడి కింది నుంచి కూడా కొడుతుంది. బ్యారేజి దాటి ఉండవల్లి గుహలోకి అడుగుపెడితే, పవళించిన అనంతపద్మనాభుని చెంత వెలుతురు బయటి ఎండలో వెయ్యో వంతు ఉంటే గొప్ప. అక్కడి నుంచి కొల్లేరుకు వెళ్తే గూడబాతు రెక్క విప్పిన క్షణాన్ని పట్టుకోవాలి. ఒకే కెమెరా, ఒకే రీలు. గుహలో పావు సెకను నింపాదిగా తెరుచుకున్న షట్టరే కొల్లేటి గట్టున సెకనులో వెయ్యో వంతులో పని ముగించాలి.

ఎండలో లెక్క తేలికే. వంద ఐఎస్ఓ రీలుకు, అంటే మధ్యరకం చురుకుదనం గల ఫిల్ముకు, ఎపర్చరును, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని, 16 అంకె దగ్గర ఉంచి, షట్టరును సెకనులో 125వ వంతుకు తిప్పితే బొమ్మ సరిగ్గా వస్తుంది. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుందని గుర్తుంచుకుంటే చాలు, మీటరు పనిచేయకపోయినా పగటి యాత్ర సాగిపోతుంది. చిక్కంతా ఆ వంతులను కొలిచే యంత్రంలోనే ఉంది, ఎందుకంటే చేతి గడియారపు ముల్లు ఒక్కసారి టిక్కుమనే లోపల గడిచే, సెకనులో ఐదింట ఒక వంతు కాలాన్ని మరో రెండు వందల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను మాత్రమే ఫిల్ముకు వడ్డించడం స్ప్రింగులతో, పళ్లచక్రాలతో జరగవలసిన పని.

ఏ తలుపైనా అంత వేగంగా తెరుచుకుని మూసుకోలేదు. అందుకని తయారీదారులు తలుపును వేగంగా ఆడించే ప్రయత్నం మానుకుని, రెండు తెరలను ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తించారు. మీట నొక్కగానే మొదటి తెర ఫిల్ము ముందు నుంచి పక్కకు జరుగుతుంది. అది గట్టు చేరకముందే రెండో తెర దాని వెంటపడుతుంది. రెండింటి నడుమ మిగిలిన సన్నటి సందు ఫిల్ము మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుస్తుంది. తెర 36 మిల్లీమీటర్ల దూరాన్ని సెకనులో 50వ వంతులో దాటుతుందనుకుంటే, సందు వెడల్పు 1.8 మిల్లీమీటర్లు మాత్రమే ఉంచినప్పుడు ఫిల్ములోని ప్రతి చుక్కకూ అందే వెలుతురు సరిగ్గా సెకనులో వెయ్యో వంతు. తెరల వేగం ఎప్పుడూ మారదు, మారేది వాటి మధ్య ఎడమే. దీని పర్యవసానం విచిత్రమైనది: వెయ్యో వంతులో తీసిన బొమ్మ నిజానికి ఒక్క క్షణానిది కాదు, దాని ఒక అంచుకూ రెండో అంచుకూ మధ్య సెకనులో యాభయ్యో వంతు గడిచిపోయి ఉంటుంది, కాబట్టి పెళ్లి బృందపు ఫొటోలో ఒక చివర నిలబడ్డ మేనమామ రెండో చివరనున్న మేనత్త కంటే ఆ మేరకు ముందే ఫిల్ముకెక్కుతాడు.

ఈ పద్ధతిని అరచేతి కెమెరాలోకి తెచ్చినవాడు జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో లైట్జ్ కర్మాగారపు ఇంజనీరు ఆస్కార్ బార్నాక్. ఉబ్బస రోగి అయిన అతనికి గాజు పలకల కెమెరాలను కొండలెక్కించే ఓపిక లేక, సినిమా ఫిల్మును వాడుకునే చిన్న పెట్టెను తయారు చేసుకున్నాడు. 1914 నాటికి నమూనాగా ఉన్న ఆ పెట్టె 1925లో లైకా పేరుతో అంగడికి వచ్చింది. చిన్న కెమెరా పుట్టిందే నడిచేవారి కోసమన్న మాట. దాని తెరలు రబ్బరు పూసిన గుడ్డతో చేసినవి, అడ్డంగా పరుగెత్తేవి. దీనికి పోటీగా డ్రెస్డెన్ నగరపు జైస్ ఐకాన్ సంస్థ 1932లో తెచ్చిన కాంటాక్స్ గుడ్డను పూర్తిగా కాదని, సన్నటి ఇత్తడి పట్టీలను వరుసగా కూర్చి, గవర్నర్‌పేట దుకాణాలకు రాత్రిళ్లు దించే షట్టరులా నిలువుగా నడిపించింది. ఫిల్ము చట్రం వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24 మాత్రమే కనుక, నిలువు పరుగుకు దారి మూడింట ఒక వంతు తగ్గింది. లైకా అప్పటికి 500వ వంతు దగ్గర ఆగి ఉండగా కాంటాక్స్ నేరుగా వెయ్యో వంతును ప్రకటించింది. లైకా 1935లో వెయ్యిని అందుకుంటే, మరుసటి ఏడు కాంటాక్స్ 1250కి ఎగబాకింది. అయితే ఇత్తడి పట్టీలను మోసే పట్టు నాడాలు తెగిపోయేవి, లోపలి అల్లిక విప్పినవారికి మళ్లీ కూర్చడం గగనమయ్యేది, గుడ్డ తెరల లైకా మాత్రం సాదాగా, చప్పుడు లేకుండా దశాబ్దాలు బతికింది. పందెంలో అప్పుడు గెలిచింది లైకాయే, సందేహం లేదు; ఆలోచన పరంగా సరైన దారిలో ఉన్నది మాత్రం కాంటాక్స్.

లైకా గుడ్డకు ఆరుబయట ఒక గండం ఉంది. ఈ జాతి కెమెరాలలో లెన్సుకూ తెరకూ మధ్య అద్దం ఉండదు. రెండు అంకెకు తెరిచిన 50 మిల్లీమీటర్ల లెన్సును దూరపు వస్తువుకు ఫోకస్ చేసి, మూత పెట్టకుండా సూర్యుడి వైపు తిప్పి పడవ బల్ల మీద ఉంచితే, 25 మిల్లీమీటర్ల వెడల్పున లోపలికి వచ్చిన ఎండ అంతా తెర మీద అర మిల్లీమీటరైనా లేని చుక్కగా, దాదాపు మూడు వేల రెట్లు చిక్కబడి పడుతుంది. భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతి పిల్లవాడికీ తరువాత జరిగేది తెలుసు. తెరలో సూదిబెజ్జం పడుతుంది, ఆ పైన తీసే బొమ్మల్లో తెల్లటి మచ్చలు తేలతాయి, రీలు కడిగించేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే నేలలో గుడ్డముక్కను నమ్ముకోవడం సాహసమే. ఎస్ఎల్ఆర్, అంటే లెన్సు చూసేదాన్నే అద్దం ద్వారా కంటికి చూపే కెమెరా, ఈ గండాన్ని తేలిగ్గా దాటుతుంది, ఎందుకంటే మీట నొక్కేదాకా ఆ అద్దమే తెరకు గొడుగు పడుతుంది.

కాంటాక్స్ కలను జపానులోని కోపాల్ సంస్థ 1960ల తొలినాళ్లలో నిజం చేసింది. పట్టీలను చుట్టే బదులు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారి పేర్చుకునే లోహపు రేకులను వాడడంతో పట్టు నాడాల అవసరమే లేకపోయింది. ఈ వంశంలో ముచ్చటైనది 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2. సెకనులో 4000వ వంతు అందాలంటే రేకు ఉన్నపాటున పరుగందుకోవాలి, గట్టు చేరాక ఎగిరి వెనక్కి పడకుండా ఆగాలి. బరువున్నది ఏదీ ఈ రెండూ చేయలేదు. అందుకని టైటానియం రేకులను పలచగా చేసి, వాటి మీద తేనెపట్టు గళ్లు చెక్కి, గట్టిదనం పోకుండా బరువు తగ్గించారు. 1984 నాటి సవరించిన రూపంలో ఫ్లాష్ 250వ వంతు దాకా పనిచేస్తుంది, అంటే 24 మిల్లీమీటర్ల చట్రమంతా ఒకేసారి తెరుచుకుని ఉండేందుకు రేకు ఆ కాలం లోపలే దారి దాటేస్తుంది. ఎండలో తలపాగా నీడ పడిన రైతు ముఖానికి కాస్త ఫ్లాష్ వేయాలంటే ఈ అంకెకే విలువ. 60వ వంతుకు మించి ఫ్లాష్ కుదరని గుడ్డ తెరల పెంటాక్స్ కె1000తో ఎపర్చరును 22కు మూయవలసి వస్తుంది, అప్పుడు చిన్న ఫ్లాష్ వెలుగు ముఖం దాకా చేరదు. ఎఫ్‌ఎం2 బ్యాటరీలు మీటరుకే తప్ప షట్టరుకు కావు. అవి దారిలోనే చచ్చినా హంసలదీవి సాగరసంగమం బొమ్మ ఆగదు.

స్టూడియోలవారికి చిరపరిచితమైన రెండు కళ్ల యాషికా మంచిదే, లెన్సులోనే పూరేకుల్లా విచ్చుకునే దాని షట్టరు అన్ని వేగాల వద్దా ఫ్లాష్‌ను అంగీకరిస్తుంది. కాని రీలుకు పన్నెండే బొమ్మలు, పక్షులకు దూరపు లెన్సు తగిలించే వీలు లేదు. లోహపు రేకులకూ లోపం ఉంది, వేడికి కరిగిన గ్రీజు రేకుల మీదికి పాకితే అవి అతుక్కుంటాయి. తోలు తొడుగులో దాచిన కెమెరాకు వానాకాలపు తేమలో లెన్సు లోపల బూజు పడుతుంది, కాబట్టి యాత్ర ముగిశాక దాన్ని తొడుగు నుంచి తీసి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచాలి. కె1000 తయారీ 1997లో, ఎఫ్‌ఎం2 తయారీ 2001లో ఆగిపోయాయి, డిజిటల్ వచ్చి తక్కిన కథను చాలావరకు ముగించింది, ఇప్పుడు ఈ రెండు రకాల్లో దొరికేవి దాదాపు అన్నీ ఎవరో ఒకరు వాడినవే.

కనుక పాత కెమెరా చేతికి వచ్చినప్పుడు రీలు ఎక్కించకముందే వెనక మూత తెరిచి, లెన్సు తీసి, దీపానికి ఎదురుగా పట్టుకోవాలి. షట్టరు మూసి ఉన్నప్పుడు ఒక్క వెలుతురు చుక్క కూడా కనిపించకూడదు, వెయ్యో వంతు వద్ద మీట నొక్కినప్పుడు చట్రమంతటా వెలుతురు ఒకే తీరుగా మెరవాలి, ఒక పక్క నల్లగా మిగిలితే రెండో తెర మొదటిదాన్ని అందుకుంటున్నట్టు లెక్క, అది ఏ పేరు మోసిన కెమెరా అయినా బల్ల మీద తిరిగి పెట్టేయాలి.