జనాభా లెక్కలలో ఆడువారి వృత్తులు

పదియేండ్లకొకసారి ప్రభుత్వమువారు ప్రజల నెల్లర లెక్కించుట మన దేశమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. హైదరాబాదు సంస్థానమున తొలి లెక్కలు 1881వ సంవత్సరమున జరిగెను. నాటి జనసంఖ్య 98 లక్షల 45 వేలు. 1891 నాటికది 1 కోటి 15 లక్షలకు పెరిగి, 1901లో 1 కోటి 11 లక్షలకు దిగినది. 1899-1900 నాటి కరవు ఎన్ని కొంపల దీపములార్పెనో ఈ రెండంకెలే చెప్పుచున్నవి. అయినను మేమిపుడు వ్రాయబూనినది మనుష్యుల సంఖ్యను గూర్చి కాదు. ఆ పట్టికలలో 'వృత్తి' యను గడి యొకటి కలదు. అందు మగవారి పేరునకెదుట ఏదో యొకటి వ్రాయబడుచునే వచ్చినది. ఆడువారి పేరునకెదుట ఏమి వ్రాయబడినదన్నదే మా ప్రశ్న.

ఈ గడి దొరల సృష్టియని కొందఱందురు. అది సరికాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, అయిదు గ్రామములకో పది గ్రామములకో ఒక గోపుని నియమించి, కర్షకులెందఱు, గోపాలకులెందఱు, వర్తకులెందఱు, శిల్పులెందఱు అని వ్రాయించుమనెను. ఇంటింట స్త్రీపురుషులసంఖ్యయు, వారి వృత్తియు, ఆదాయవ్యయములును గూడ నందు చేరవలెను. అంతకంటె మాకు నచ్చిన భాగము సూత్రాధ్యక్షుని ప్రకరణము. వితంతువులచేతను, అంగవైకల్యము గలవారిచేతను, కన్యలచేతను నూలు వడికింపవలెనట. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీముఖమున పని పంపవలెను. తెల్లవాఱుజామున తామే నూలు తెచ్చు స్త్రీలయెదుట దీపము నూలు పరీక్షించుటకే గాని మొగము చూచుటకు గాదు. చూచిన యధికారికి దండనము. కూలి యిచ్చుటలో జాగుచేసిన నంతకంటె నెక్కువ దండనము! రెండువేలయేండ్లనాటి యా శాస్త్రకారునికి ఇంటిలో కూర్చుండి చేసిన పని పనిగానే కనబడినది.

నిజాము రాజ్యమున 1901 మార్చి 1వ తేది రాత్రి జరిగిన గణనను తలచుకొందము. నాడు సంస్థానమున వేయిమంది స్త్రీలలో చదువను వ్రాయను నేర్చినవారు అయిదుగురైనను లేరు. గణకుడు పరపురుషుడు. వాకిట నిలిచి అడుగువాడును మగవాడే, బదులు చెప్పువాడును మగవాడే. పనిచేయు స్త్రీల వృత్తియు వ్రాయవలెనను నియమము లేకపోలేదు. కాని నియమము కాగితముపై నుండును. జవాబు యజమాని నోట నుండును. 'మీ ఆడువారేమి చేయుదురు?' అన్నప్పుడు 'ఏమున్నది, ఇంటిపట్టుననే' యను మాట ఎన్ని వాకిళ్లలో వినబడియుండునో సోదరీమణులే యూహింపగలరు.

సాలెవారి యిల్లు చూడుడు. మగ్గపు గుంటలో కూర్చుండువాడు పురుషుడు. కావున నేతగాడన్న పేరు వానిది. నూలు తోడునది, కండెలు చుట్టునది, ఆసు పోయునది ఇల్లాలు. ఆమె చేయి ఒక్కపూట నిలిచిన మగ్గము నిలుచును. పోచంపల్లి చీరకు ఇంటిల్లిపాదియు పనిచేసినగాని రంగు తేఱదు. కుమ్మరియింట సారె మగనిది. మన్ను జల్లించుట, త్రొక్కుట, కుండలు సంతకు మోసి అమ్ముట ఆలివి. తాడెక్కువాడు గౌడుడు, కల్లు కొలిచి యమ్మునది తఱచుగా అతని భార్య. వరి నాట్లు, కలుపు తీతలు ఆడువారు లేనిదే సాగవు. అయినను 'రైతు' అన్నంతనే మన కన్నులకు మగవాడే కట్టుట ఎట్లలవడినదో!

1806లో వెలసిన మా సికింద్రాబాదు దండు బస్తీ. 1874లో రైలు వచ్చినది. పిదప లాలాగూడ కర్మశాల వచ్చినది. సిపాయి, ఫిట్టరు, గుమాస్తా మొదలగు క్రొత్త వృత్తులు మగవారికి దొరకెను. బంగళాలలో ఆయాలై బిడ్డలను పెంచినవారును, గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చినవారును స్త్రీలు. హైదరాబాదు వైద్యపాఠశాలలో 1885లో చేరిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫారమిచ్చు విద్యయందు ప్రపంచముననే తొలి స్త్రీగా పేరొందినది. అట్టివారు వేళ్లపై నుందురు.

ఇది మన దేశపు లోపమే యనరాదు. ఇంగ్లండులో 1851 గణనవారు గృహిణులకొక వర్గమేర్పఱచి గౌరవించిరి. 1881లో వారినే 'వృత్తిలేనివారి'లో చేర్చిరి. 1878లో అమెరికా స్త్రీలు కొందఱు దీనినిగూర్చి తమ శాసనసభకు విన్నపము పంపుకొనిరి.

మన గణనలో ప్రశ్న మాఱినపుడెల్ల అంకెలును మాఱినవి. 1961లో భారతదేశమున నూటికి 28 మంది స్త్రీలు పనివారుగా లెక్కకు వచ్చిరి. 1971లో 12 మందియే! పదియేండ్లలో నాట్లు వేయువారు చేతులు కడిగికొని కూర్చుండిరా? లేదు. నీ ముఖ్యవ్యాపారమేమని 1971లో అడిగిరి. 'ఇంటిపనియే' యన్న జవాబు వచ్చినది. అంతటితో పొలము మాసిపోయెను. 1981లో కొద్దికాలము పనిచేయువారికి వేఱు గడి పెట్టిరి. 1991లో కూలి లేక ఇంటి పొలమున చేయు పనియు పనియేయని ప్రశ్నలోనే చేర్చిరి. 2001లో ఇంటి వాడుకకై పాడి చేయుటయు చేరినది.

ఇది అంకెల వివాదము మాత్రమే కాదు. మోటారు ప్రమాదమున మరణించిన యొక గృహిణి కేసులో, ఆమెకు సంపాదన లేదుగావున నష్టపరిహారమెంత యన్న ప్రశ్న సుప్రీము కోర్టుదాక పోయెను. 2010లో న్యాయమూర్తులు పరిహారమును 6 లక్షలకు పెంచిరి. 2001 జనగణన గృహిణులను భిక్షుకులు, ఖైదీలు మున్నగువారితో నొక్క గంపలో వేసినదని ఆ తీర్పుననే మందలించిరి.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూటికి 57 మంది పురుషులు, 36 మంది స్త్రీలు పనివారుగా తేలిరి. 2019లో ప్రభుత్వమువారు దేశమున కాలవినియోగమును పరిశీలింపగా, జీతము లేని ఇంటిపనికి స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తెలిసినది. వంటకు వెలకట్టవలెనని కొందఱు వాదింతురు. మాకా వాదము అంతగా రుచింపదు. భర్తకు చీటీ వ్రాసి జీతమడుగు కాపురమెట్లుండును? కాని డబ్బు తెచ్చు పని కూడ వంటపొగలో కనబడక పోవుట అన్యాయము. బీడీలు చుట్టువారిని, జాకెట్లు కుట్టువారిని, అప్పడములొత్తువారిని 'ఊరక యున్నది' యని యింటివారే చెప్పిన, వ్రాయువాని తప్పేమి?

మావారు బడిపంతులగుటచే 2011లో గణకులై ఈ వీథులు తిరిగిరి. ఇల్లాలే వాకిటికి వచ్చి బదులు చెప్పినచోట పని యేదో యొకటి బయటపడెడిదనియు, మగవారు చెప్పినచోట తఱచుగా లేదన్న మాటయే వచ్చెడిదనియు వారందురు. 2021 గణన జరుగలేదు. రాబోవు దానికి 2027 మార్చి 1ని ప్రమాణముగా 2025 జూనులో ప్రకటించిరి. ఈ సంగతి విని మా యెదురింటి యావిడ, 'ఉదయము ఇడ్లీలమ్ముదును, పగలు జాకెట్లు కుట్టుదును, సాయంకాలము పిల్లలకు పాఠములు చెప్పుదును, ఏది వ్రాయింపవలెనమ్మా?' అని మమ్మడిగినది. ఎక్కువ ప్రొద్దు పట్టునదియే ముఖ్యవృత్తియని మావారు లోపలినుండి చెప్పిరి. ఆమె వ్రేళ్లు మడిచి గంటలు లెక్కపెట్టుకొని, కుట్టుపనియే యని తేల్చినది.