ఈనిన బఱ్ఱెకు నెత్తుటి చక్కెర యేల తఱుగును?

బఱ్ఱె యీని మూడు వారములు గడచినవి. పాలు మెండుగానే వచ్చుచుండెను. అంతలో దాణా ముట్టదు. చొప్ప మాత్రము కొఱుకును. పాలు సగమునకు దిగును, ఒడలు చిక్కును, ఊర్పున తీపివాసన వచ్చును. దిష్టి యని తలచి దినములు గడపువారు దేవరకొండ, అచ్చంపేట మెట్టలందు నేటికిని గలరు. ఇది కీటోసిస్ అను వ్యాధి. నెత్తుటిలో చక్కెర చాలమియే దీనికి మూలము.

ఆ చక్కెరను ఏలునది కడుపులోని క్లోమమను గ్రంథి. 1889లో జర్మనీదేశమున మేరింగు, మింకోవ్‌స్కీ యను వైద్యులు ఒక కుక్క క్లోమమును తీసివేయగా దాని మూత్రమున చక్కెర పడెను. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఆ గ్రంథినుండి ఇన్సులినను హార్మోనును రాబట్టిరి. తరువాత పెక్కేండ్లు మధుమేహరోగులను బ్రతికించిన మందు పశువుల, పందుల క్లోమములనుండి వచ్చినదే. ఇన్సులిను నెత్తుటి చక్కెరను కండలలోనికి పంపును. ఆ గ్రంథిలోనే పుట్టు గ్లూకగాను కాలేయముచేత చక్కెర చేయించును.

నెమరువేయు పశువు సంగతి వేఱు. మనము తిన్న యన్నము చక్కెరయై నెత్తుట కలియును. బఱ్ఱె తిన్న మేత పెద్దపొట్టలో పులిసి ఆమ్లములగును. వానిలో ఒకదానినుండి కాలేయము చక్కెర చేయవలయును. పది లీటర్ల పాలలో ఇంచుమించు అరకిలో పాలచక్కెర వెలుపలికి పోవును. మేత చాలనప్పుడు క్లోమము ఇన్సులినును తగ్గించును. కండలకు చక్కెర తగ్గి, ఒంటి క్రొవ్వు కరగును. పొదుగు మాత్రము ఇన్సులినుతో పనిలేకయే చక్కెరను లాగుకొనును. తల్లి కరగి దూడను పెంచుట యనగా ఇదియే. మితమున నిది మేలే. కరగిన క్రొవ్వు మితిమీఱి కాలేయమున చేరినచో కీటోనులు పుట్టి ఆకలిని చంపును. ఆ తీపివాసన వానిదే.

గంపెడు బెల్లము పెట్టిన తీఱునని తలంపరాదు. బెల్లమును పెద్దపొట్టలో పులియునదే. మితిమీఱిన పులుపు మఱియొక రోగమును తెచ్చును. పశువైద్యుడు గ్లూకోజును నరమున ఎక్కించును. ప్రొపిలీన్ గ్లైకాల్ త్రాగింపుమనినచో ఆయన చెప్పిన కొలతనే, తల మిక్కిలి ఎత్తక, మెల్లగా పోయవలయును. లేనిచో ఊపిరితిత్తులకు పోవును.

చూలు నిండునంతవఱకు వట్టి వరిగడ్డిమీద నుంచి, ఈనిన మఱునాడే దాణా గంపలతో పోయుట మేము పలుచోట్ల చూచుచున్నాము. ఈనుటకు మూడు వారములు ముందుగనే దాణా కొద్దికొద్దిగా అలవఱచి, ఈనినపిమ్మట క్రమముగా పెంచుడు. బాగుగా క్రొవ్వెక్కిన బఱ్ఱెకే భయ మెక్కువ.

సంఘమునకు పాలు పోయువారి పుస్తకమున దినదినపు కొలతలుండును. రెండవ వారమునుండి ఆఱవ వారమువఱకు వానిని చూచుచుండుడు. దాణా వదలి చొప్ప తిన్న దినముననే పశువుల ఆసుపత్రికి కబురంపుడు.