ప్రాత మోటారు సైకిలు చప్పుళ్లు – వాని కారణములను కనుగొను విధము

చప్పుడు చేయని యంత్రము లేదు. నూతి గిలక కిఱ్ఱుమనును, కుట్టుమిషను టకటకలాడును, పిండిమర గుఱ్ఱుమనును. ఆ సద్దులకు మన చెవులు అలవాటుపడి యుండును. కాని యొకనాడు గిలక వేఱు విధముగా కిఱ్ఱుమన్నచో నీళ్లు తోడు ఇల్లాలు త్రాడు పట్టుకొని పైకి చూచును. యంత్రపరీక్షకు మూలసూత్ర మిదియే. చప్పుడుండుట వింత కాదు. ఉన్న చప్పుడు మాఱుటయే వింత.

క్రొత్త బండి కొన్నవానికి దాని సహజధ్వని మొదటి దినమునుండియే తెలియును. ఇతరులు వాడిన బండిని కొన్నవానికి ఆ భాగ్యము లేదు. అట్టివాడు భయపడి నిష్కారణముగా ధనము వ్యయము చేయును. లేదా ఉపేక్షించి ప్రాణాపాయము తెచ్చుకొనును.

మాకు తెలిసిన ఉపాధ్యాయు డొకడు ఇట్టి ప్రాత మోటారు సైకిలును కొనెను. అతని పాఠశాల ఇంటికి పదునైదు కిలోమీటర్ల దూరము. ఒంటరిగా పోవునప్పుడు బండి బాగుగనే యుండెడిది. భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని పోవునప్పుడు మాత్రము క్రిందినుండి గుఱ్ఱుమను మూలుగును, నడుమనడుమ టక్కుమను దెబ్బయు వినబడెడివి. ఒక మెకానిక్కు విని గేరుబాక్సు విప్పవలెననెను. అందులకగు ఖర్చు పిల్లల ఫీజుకై దాచిన సొమ్ముతో సమానము. ఆ సొమ్ము ముట్టుకొనుటకు ముందు అతడు బండిని తానే పరీక్షింప నిశ్చయించుకొనెను. ఆ పరీక్షాక్రమమునే ఇచ్చట వివరించెదము.

ఇంజనులో పుట్టిన బలము వెనుక చక్రమును చేరుటకు నాలుగు మజిలీలు దాటవలెను. మొదటిది క్లచ్చి, ఇది ఇంజనును గేరుబాక్సుతో కలుపుచు విడదీయుచు నుండును. రెండవది గేరుబాక్సు. మూడవది గొలుసు, గేరుబాక్సు ప్రక్కనున్న చిన్న పండ్లచక్రమునుండి వెనుకనున్న పెద్ద పండ్లచక్రమునకు ఇది బలమును కొనిపోవును. ఈ పండ్లచక్రములనే స్ప్రాకెట్టులందురు. నాలుగవది వెనుక చక్రపు హబ్బు. అందు కుదుపులను మ్రింగు రబ్బరు దిమ్మలును, ఇరుసుపై చక్రము సులువుగా తిరుగుటకు బేరింగులును ఉండును.

వీనిలో గొలుసు బయటనుండి ధూళిని, వానను భరించునది గనుక మొదట దానినే అనుమానింపవలెను. స్విట్జర్లండులో జన్మించి ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున పనిచేసిన హాన్స్ రెనాల్డు అను ఇంజనీరు 1880లో ఇట్టి గొలుసునకు పేటెంటు పొందెను. దీని ప్రతి లింకునందును ఒక చీలయు, దానిపై ఒక గొట్టమును, ఆ గొట్టముపై తిరుగు ఒక రోలరును కలవు. గొలుసు సాగినదని మన మందుము గాని రేకులు సాగవు. చీలయు గొట్టమును ఒకదానితో నొకటి రాచుకొని అరుగును. ప్రతి లింకులోని స్వల్పమైన అరుగుదల కూడి గొలుసు నిడుపగును. అర అంగుళపు లింకులు గల గొలుసులో 20 లింకుల పొడవు క్రొత్తలో 254 మిల్లీమీటర్లు. అది 259 అయినచో నూటికి రెండు వంతులు పెరిగినదని యర్థము. అట్టి గొలుసును మార్చుటయే మేలు. పండ్లు కొడవలి మొనలవలె వంగిన స్ప్రాకెట్టులను గూడ దానితోపాటు మార్చవలెను. లేనిచో అరిగిన పండ్లు క్రొత్త గొలుసును త్వరలోనే పాడుచేయును.

ఇక చప్పుడు విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: బండి న్యూట్రలులో నిలిచియుండగా, ఇంజను తిరుగుచుండగా, చప్పుడు కలదా? కలదన్నచో దానికి కారణము గొలుసు గాని వెనుక చక్రము గాని కాదు. అప్పుడు క్లచ్చి పిడిని నొక్కి చూడవలెను. నొక్కగానే ఆగిపోయినచో గేరుబాక్సులోని బేరింగునో, క్లచ్చి గిన్నెనో అనుమానింపవచ్చును. నొక్కినప్పుడే పుట్టినచో క్లచ్చిని విడదీయు భాగమును పరీక్షింపవలెను.

రెండవది: చప్పుడు దేని వేగము ననుసరించుచున్నది? ఒకే వేగముతో పోవుచు ఒకమారు మూడవ గేరులోను, ఒకమారు నాలుగవ గేరులోను వినవలెను. బండి వేగము మాఱలేదు. ఇంజను వేగము మాత్రము మాఱినది. చప్పుడుకూడ మాఱినచో దోషము ఇంజను వైపున నుండును. మాఱనిచో గొలుసు, చక్రముల వైపున నుండును. ఒక్క గేరులోనే వినబడినచో ఆ గేరు పండ్లే కారణము కావచ్చును.

మూడవది: భారము మాఱినప్పుడు చప్పుడు మాఱుచున్నదా? యాక్సిలరేటరు త్రిప్పినప్పుడును, విడిచినప్పుడును టక్కుమన్నచో వదులైన గొలుసో, నలిగిన హబ్బు రబ్బరులో కారణము కావచ్చును.

ఇంతకంటె సూక్ష్మమైన పరీక్ష యొకటి కలదు. అది కేవలము లెక్క. ఇంజను ఆపి, బండిని సెంటరు స్టాండుపై నిలిపి, న్యూట్రలులో వెనుక చక్రమును మెల్లగా చేతితో త్రిప్పవలెను. వెనుక స్ప్రాకెట్టునకు 42 పండ్లు, ముందుదానికి 14 పండ్లు, గొలుసునకు 106 లింకులు కలవనుకొందము. వెనుక చక్రము ఒక చుట్టు తిరుగుసరికి ముందు స్ప్రాకెట్టు మూడు చుట్లు తిరుగును. గొలుసు ఒక పూర్తి చుట్టు తిరుగుటకు వెనుక చక్రము 106ను 42చే భాగించినన్ని చుట్లు, అనగా సుమారు రెండున్నర చుట్లు, తిరుగవలెను. కావున టక్కుమను దెబ్బ ప్రతి చుట్టునకు ఒకమారు వచ్చినచో దోషము వెనుక చక్రమున. మూడుమారులు వచ్చినచో ముందు స్ప్రాకెట్టున. రెండున్నర చుట్లకు ఒకమారు వచ్చినచో గొలుసులోని ఏదో యొక లింకున. తరగతిలో నేర్చిన భాగాహారము ఇట్లు బండిక్రింద గూడ పనికివచ్చును.

మన ఉపాధ్యాయుని బండి న్యూట్రలులో నిలిచియుండగా నిశ్శబ్దముగా నుండెను. గేరు మార్చినను మూలుగు మాఱలేదు. చక్రమును త్రిప్పి లెక్కింపగా సుమారు రెండున్నర చుట్లకు ఒక దెబ్బ వినబడెను. అతడు గొలుసును విప్పి ముందు స్ప్రాకెట్టును చేతితో త్రిప్పి చూచెను. గరగరలాడక నున్నగా తిరిగెను. వెనుక చక్రమును అట్లే తిరిగెను. గొలుసును చేతిపై వంచి చూడగా ఒక లింకు తుప్పుపట్టి వంగక బిగిసియుండెను. దెబ్బకు కారణ మిదియే.

మఱి మూలుగునకు కారణ మేమి? ఇద్దరు కూర్చున్నప్పుడే అది యేల వచ్చెను? వెనుక చక్రము, దానిని మోయు ఫోర్కు తిరుగు కీలు, ముందు స్ప్రాకెట్టు – ఈ మూడింటి మధ్యబిందువులు ఒకే వరుసలోనికి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్టుల నడిమి దూరము మిక్కిలి యెక్కువగును. స్టాండుపై చక్రము క్రిందికి వ్రేలాడుచుండును. మనుష్యులు కూర్చున్నకొలది పైకి లేచి ఆ వరుసను సమీపించును. వెనుకటి యజమానుడు స్టాండుపైననే గొలుసును వీణతంత్రివలె బిగించియుండెను. ఇద్దరు కూర్చుండగా అది మఱింత బిగిసి మూలిగినది. అట్టి బిగువు చిరకాల ముండినచో గేరుబాక్సు బేరింగు నిజముగనే చెడియుండెడిది. ఆ ఉపాధ్యాయుడు గొలుసును, రెండు స్ప్రాకెట్టులను మార్పించి తగిన వదులు ఉంచెను. రెండు చప్పుళ్లును పోయినవి. ఫీజు సొమ్ము దక్కినది.

అనేక బండ్లకు గొలుసు నడుమ పైకిని క్రిందికిని 25 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు ఆట ఉండవలెను. బండితో వచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. గొలుసు అంతటను సమానముగా అరుగదు గనుక, చక్రమును త్రిప్పుచు మిక్కిలి బిగువైన చోటనే కొలువవలెను.

ఒక హెచ్చరిక చేసి ముగించెదము. ఇంజను తిరుగుచుండగా గొలుసును తుడుచుట గాని, నూనె వేయుట గాని ఎన్నడును చేయరాదు. గొలుసునకును స్ప్రాకెట్టునకును నడుమ చిక్కిన వ్రేలు తిరిగి రాదు. మఱియు మిక్కిలి వదులైన గొలుసు పరుగులో స్ప్రాకెట్టునుండి జాఱి వెనుక చక్రమును బిగించి బండిని పడవేయగలదు. ఆ బండిపైననే తండ్రి బిడ్డను బడికి తెచ్చుచుండును.

విద్యార్థులారా! చప్పుడు దేనివలె నున్నదని మాత్రము అడిగి ఊరకొనకుడు. అది ఎప్పుడు వచ్చుచున్నది, ఎప్పుడు ఆగుచున్నది, ఎన్ని చుట్లకు ఒకమారు వచ్చుచున్నది అని యడుగుడు. ఒక్కొక్కమారు ఒక్క సంగతినే మార్చి వినుడు. అట్లు విన్నవానికి మెకానిక్కు చెప్పు మాటలోని నిజమును గ్రహించుట సులభము; అక్కరలేని ఖర్చును మానుకొని, అక్కరయైన ఖర్చును వాయిదా వేయకుండుటయు సులభమగును.