పుట్టగొడుగా? కుక్కగొడుగా?

వేరు చూశాకే కూర వండాలి

తొలకరి పడి నాలుగు ఉరుములు ఉరిమాయంటే పల్లెల్లో అందరి చూపూ పుట్టల మీదికే పోతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు, పశువుల కాపరి పిల్లలు గంపలు పట్టుకుని బీళ్లకు, అడవి అంచులకు బయలుదేరతారు. పొద్దెక్కితే గొడుగు విచ్చుకుని పురుగు పడుతుందని వారి తొందర. తెలంగాణ పల్లెల్లో పుట్టకొక్కులనే ఈ పుట్టగొడుగుల కూర మాంసానికి తీసిపోదు. వండుకోగా మిగిలినవి రోడ్డు పక్కన అమ్మితే నాలుగు డబ్బులూ వస్తాయి.

అయితే అదే వానకు, అదే బీట్లో విషపు గొడుగులు కూడా లేస్తాయి. గంపలో ఒకటి రెండు కలిసినా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలు కావచ్చు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారూ ఏటా ఏరుకు తినే అలవాటున్నవారే.

చెదలు వేసే పంట

మంచి పుట్టగొడుగును సాగు చేసేది చెదపురుగులు. ఎండుటాకు, పుల్ల కొరికి తెచ్చి పుట్ట లోపల తేనెపట్టు లాంటి గూడు కడతాయి. దాని మీద బూజు పెరుగుతుంది. ఆ బూజే చెదలకు ఆహారం. వానలకు నేల మెత్తబడగానే అది గొడుగై పైకి లేస్తుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు టెర్మిటోమైసిస్. చెదలు లేకుండా దీన్ని పండించడం రైతుకు సాధ్యం కాలేదు. అందుకే పొలం చదును చేసేటప్పుడు పుట్ట పోతే, ఏటా అక్కడ దొరికే కూర కూడా పోతుంది.

లాగకూడదు, తవ్వాలి

దీని అసలు గుర్తు మట్టి కిందే ఉంది. కాడ నేలలోకి పొడవాటి వేరులా సాగి, చెదల గూటి దాకా పోతుంది. ఒక్కోసారి అది అడుగు లోతు కూడా ఉంటుంది. చేత్తో లాగితే తెగిపోయి గుర్తు నేలలోనే ఉండిపోతుంది. పుల్లతో చుట్టూ మట్టి తీసి చూడాలి. గొడుగు నడుమ మొన తేలిన బొడిపె ఉంటుంది. అడుగున పుస్తకం పుటల్లాంటి రేకులు తెల్లగా ఉండి, ముదిరితే లేత గులాబి రంగుకు తిరుగుతాయి. పుట్టల దగ్గర గుంపులుగా లేచే చిట్టి రకానికి మాత్రం ఈ పొడవు వేరు ఉండదు. అలవాటు లేనివారు దాని జోలికి పోకపోవడమే మేలు.

పచ్చ రేకులు, అడుగున గిన్నె

గడ్డి నేలల్లో, పశువులు మేసే చోట తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పెళుసులతో లేచేది విషపుది. లేతగా ఉన్నప్పుడు దీని రేకులు కూడా తెలుపే. ముదిరాకే పచ్చబడతాయి. విచ్చిన గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, రాత్రంతా గిన్నె మూసి ఉంచితే తెల్లారేసరికి కాగితంపై పచ్చటి పొడి రాలుతుంది. దీన్ని తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

అంతకంటే ప్రాణాంతకమైనవి అమనైటా జాతిలో ఉన్నాయి. వీటి కాడ మొదట, మట్టిలో, చిట్లిన గుడ్డు పెంకు లాంటి గిన్నె ఉంటుంది. రాలే పొడి తెలుపు. కనుక పొడి పచ్చగా లేదని ధైర్యపడకూడదు. లాగి తెచ్చిన గొడుగులో ఈ గిన్నె కూడా నేలలోనే మిగిలిపోతుంది.

వెండి నాణెం పరీక్ష వట్టిది

కూరలో వెండి నాణెమో, వెల్లుల్లో వేసి నల్లబడకపోతే మంచిదని చాలామంది నమ్మకం. పురుగు తిన్నది మనిషీ తినవచ్చని మరికొందరి మాట. ఇవేవీ నిజం కాదు. అమనైటా విషం ఎంత ఉడికించినా పోదు.

ఈ విషం వెంటనే బయటపడదు. ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి మరునాటికి గానీ వాంతులు మొదలుకావు. తర్వాత తేరుకున్నట్లే ఉంటుంది. ఆ లోపల కాలేయం చెడిపోతుంది. కనుక వాంతులు తగ్గాయని ఇంట్లో ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, కూర తిన్నవారంతా, బాగున్నవారు సహా, ఆసుపత్రికి వెళ్లాలి. వండగా మిగిలిన గొడుగులుంటే డాక్టరుకు చూపడానికి వెంట తీసుకుపోవాలి.

గంప దించగానే అనుభవమున్న అత్త కోడలిని అడిగే మాట, "ఎక్కడ తీశావే?" అని. పుట్ట మీద అంటే, "తవ్వావా, లాగావా?" అని మరో ప్రశ్న. వేరు చూపలేని గొడుగు పెంటదిబ్బకే పోతుంది. పోయేది ఒక పూట కూరే. గంపలు పట్టుకుని పోయే పిల్లలకు ఈ రెండు ప్రశ్నలూ ముందే నేర్పి పంపాలి.